చెంబెడు నీరు

గతమాసమున మాకు కృష్ణాతీరమునందలి యొక పల్లెనుండి ఒక సోదరీమణి వ్రాసిన యుత్తరము చేరినది. ఆమె మనుమనికి పది నెలలు. పండ్లు వచ్చు సమయమున బిడ్డకు నీళ్లవిరేచనములు పట్టుకొన్నవట. "త్రాగించినకొలది పోవుచున్నది గదా, కడుపు ఎండగట్టినచో అదియే కట్టుకొనును" అని యింటి పెద్దలు చనుబాలును సైతము మాన్పించిరట. రెండవనాటి సాయంకాలమునకు బిడ్డ కన్నులు లోతునకు పోయి, ఏడ్చినను కన్నీరు రాకపోవుటచే భయపడి, పట్టణమునకు తీసికొనిపోయి బ్రతికించుకొనిరి. "పెద్దల మాట నిజమా? వైద్యుని మాట నిజమా? మీ పుటలో నాలుగు మాటలు వ్రాయుడు" అని ఆ సోదరి కోరినది.

ఆ యుత్తరము చదివినది మొదలు మా చిన్ననాటి సంగతి యొకటి జ్ఞప్తికి వచ్చుచు మా మనస్సు నిలువకున్నది. మేము పెరిగిన వీధిలో ఎదురింటి రెండేండ్ల పసివానికి ఒక వేసవిలో వాంతులును విరేచనములును పట్టుకొన్నవి. మాటలు వచ్చీరాని వయసు. వాడు వాకిట నున్న నీళ్లకూజా వైపు చేయి చాచి చూపుచుండెను. తల్లి తడిగుడ్డతో పెదవుల నద్దుచుండెనే గాని గ్రుక్కెడు నీరు పోయలేదు. పోసినచో ప్రాణమునకు ముప్పని ఆమెకు చెప్పియుండిరి. తెల్లవారకమునుపే వాడు పోయెను. ఆ తల్లి కఠినురాలు కాదు. బిడ్డను దక్కించుకొనవలెనని గుండె రాయి చేసికొని నీటిని దాచినది. తరువాత ఆమె చాలకాలము బ్రదికినది గాని, ఆ కూజాను మరల వాకిట పెట్టగా మేము చూడలేదు.

కావున ఉత్తరము వ్రాసిన సోదరికి "పెద్దలది తప్పు" అని ఒక్క మాటలో బదులు చెప్పి ఊరకుండుటకు మాకు మనసొప్పలేదు. పెద్దలను తప్పుపట్టుట సులభము. నీరు పోయవచ్చునని, పోసి తీరవలెనని లోకమునకు తెలిసిన విధమెట్టిది? పెద్ద పెద్ద వైద్యులే సందేహించిన దానిని వేల ప్రాణముల యెదుట చేసి చూపినవారెవరు? ఆ కథ చెప్పినచో సమాధానము దానంతట అదే వచ్చును. ఈ మాసమున బంగాళీ శిశువైద్యుడు డాక్టరు దిలీప్ మహలనబిస్ గారి చరిత్రము చెప్పెదము.

ఆయన 1934 నవంబరు 12వ తేదీన తూర్పు బెంగాలునందలి కిశోర్‌గంజ్ ప్రాంతమున జన్మించిరి. ఆ ప్రాంతము నేడు బంగ్లాదేశములో నున్నది. కలకత్తా వైద్యకళాశాలలో చదివి 1958లో పట్టము పొంది, పసిపిల్లల వైద్యమును చేపట్టిరి. పిమ్మట ఇంగ్లండునకు పోయి పై పరీక్షలు చదివి, లండనులోని క్వీన్ ఎలిజబెత్ పిల్లల ఆసుపత్రిలో రిజిస్ట్రారుగా నియమింపబడిరి. ఆ పదవి దొరికిన మొదటి భారతీయుడు ఆయనయే. అప్పటికి ముప్పది యేండ్లైనను నిండలేదు. అచటనే స్థిరపడినచో సుఖజీవనము జరిగియుండెడిది. అట్లు స్థిరపడినవారు అప్పుడును కలరు, ఇప్పుడును కలరు, వారిని మేము నిందింపము. ఈయన మాత్రము 1960ల నడుమ తిరిగివచ్చి, అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయము కలకత్తాలో నడుపుచుండిన పరిశోధన కేంద్రమున చేరిరి. అచటి పరిశోధన కలరాను గూర్చినది. మన పెద్దలు వాంతిభేది యనియు, తెలంగాణమున గత్తర యనియు పిలిచి, పేరెత్తుటకే భయపడిన వ్యాధి.

ఇచట కొంచెము ఆగి, ఈ వ్యాధి మనుష్యుని చంపు విధమును చెప్పవలెను. కలరా క్రిమి ప్రేగులలో విడుచు విషముచేత శరీరమునందలి నీరును ఉప్పును ధారగా బయటికి పోవును. వ్యాధి తీవ్రముగా నున్నప్పుడు పెద్దవానికి గంటకొక లీటరు వరకు నీరు పోవుట కలదు. పసిబిడ్డ యొంట మొత్తము నీరే కొలదిగా నుండును గదా! కొన్ని గంటలలో రక్తము చిక్కబడి, నాడి అందక, ప్రాణము పోవును. కలరా కాని సాధారణ విరేచనములలోను జరుగునది ఇదియే, వేగము మాత్రము తక్కువ. అనగా బిడ్డ పోవునది నీటి కరవుచేత. ఆ కాలమున దీనికి తెలిసిన చికిత్స సూది గ్రుచ్చి రక్తనాళములోనికి సెలైను ఎక్కించుట. అది మంచి చికిత్సయే; నేటికిని బిడ్డ సొమ్మసిల్లినప్పుడు దానిని మించినది లేదు. కాని దానికి శుద్ధిచేసిన సీసాలు కావలెను, గొట్టములు కావలెను, పసిచేతిలో దారమువంటి నాళమును వెదకి పట్టగల నేర్పరి కావలెను. అవి పల్లెలలో ఏవి?

నోటితో త్రాగించిన నీరు నిలువదని వైద్యులును నమ్మిరి. వట్టి నీరును ఉప్పునీరును నిజముగనే సరిగా నిలువవు. కాని ప్రేగు గోడలలో ఒక చిన్న ద్వారము కలదు. ఆ ద్వారమున ఉప్పు ఒంటరిగా పోజాలదు. గ్లూకోజు, అనగా చక్కెరజాతి పదార్థము, తోడు వచ్చినప్పుడే పోగలదు. ఆ రెండును జంటగా లోనికి పోగా నీరు వాని వెంట నడచును. కలరా విషము ఈ ద్వారమును మూయజాలదు. ఈ మర్మమును 1960లో రాబర్ట్ క్రేన్ అను శాస్త్రజ్ఞుడు విప్పి చెప్పిరి. విచిత్రమేమనగా, కారణము తెలియకపోయినను కలకత్తా వైద్యుడు హేమేంద్రనాథ్ చటర్జీ గారు 1953లోనే 186 మంది రోగులకు ఉప్పును గ్లూకోజును కలిపిన నీరు త్రాగించి నయముచేసి, ఆ సంగతి లండనునందలి లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రకటించిరి. ఆయన తన చికిత్సలో ఒక ఆకు రసమును కూడ వాడిరి. అది మన పెరటిలో పెరుగు వామాకు జాతిదే. (సోదరీమణులారా, నయముచేసినది ఆకు కాదు, నీరు. ఆకు కొరకు పరుగెత్తవలదు.) సరియైన పోలిక చూపలేదని పండితులు దానిని పట్టించుకొనలేదు. పదునైదేండ్లు గడచినవి. 1968లో ఢాకా నగరమున డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అను యువవైద్యులిద్దరు శాస్త్రీయముగా పరీక్షించి, ఈ నీటిని త్రాగించినచో సెలైను అవసరము నూటికి ఎనుబది పాళ్లు తగ్గునని చూపిరి. కలకత్తాలో మహలనబిస్ గారును వారి తోడివైద్యులును 1966 మొదలు ఇదే త్రోవను పనిచేయుచుండిరి.

ఇంత జరిగినను అది ఆసుపత్రి నాలుగు గోడల నడుమ, కొలిచి పోసి కొలిచి చూచుకొను వైద్యుల చేతులలో జరిగినది. చదువురాని తల్లి చేతికి గ్లాసు ఇచ్చి "నీవే త్రాగించుము" అనుటకు ఎవరికిని ధైర్యము చాలలేదు.

ఆ ధైర్యము చేయవలసిన దినము 1971లో వచ్చెను.

ఆ సంవత్సరము మార్చి మాసాంతమున తూర్పు పాకిస్తానమున మారణకాండ మొదలుకాగా, ప్రాణములు అరచేత పెట్టుకొని సుమారు కోటి మంది సరిహద్దు దాటి మన దేశమునకు వచ్చిరి. వర్షకాలము. గుడారములలోను, చెట్లక్రిందను, మురుగు గొట్టములలోను జనము. త్రాగునీరును మురుగునీరును ఒకటైనవి. కలరా వ్యాపించినది. సరిహద్దు ప్రక్కనున్న బన్‌గావ్ అను చిన్న పట్టణపు ఆసుపత్రికి జూన్ మాసమున మహలనబిస్ గారు కొలదిమంది సహాయకులతో వెళ్లిరి. అచట రెండు గదుల నిండ, నేలమీద, ఒకరి ప్రక్క నొకరుగా రోగులు పడియుండిరి. సూది గ్రుచ్చవలెనన్నచో మోకాళ్లు మలములోను వాంతిలోను ఆనవలసియుండెనని ఆయనయే తరువాత చెప్పిరి. సెలైను ఎక్కించుట తెలిసినవారు ఆయన బృందమున ఇద్దరే. రెండు దినములు గడచునప్పటికి సెలైను సీసాలు చాలవని, ఈ యుద్ధమున ఓడిపోవుచున్నామని ఆయనకు స్పష్టమైనది. వచ్చు రోగులు మాత్రము ఆగలేదు.

ఒక్క క్షణము ఆయన స్థానమున మనము నిలిచి చూతము. చేతిలో సీసాలు కొన్నే. యెదుట తల్లులు. ఆసుపత్రిలో తప్ప ఎచటను పరీక్షింపబడని చికిత్స యొకటి తెలియును. ఉప్పు ఎక్కువైనచో పసిబిడ్డకు అపాయము. నీరు శుభ్రముగా నుండునని నమ్మకము లేదు. కొలిచి పోయుటకు నర్సులు లేరు. తప్పిపోయినచో "ఈ వైద్యుడు దిక్కులేని జనముమీద ప్రయోగము చేసెను" అని లోకమనును. చేయకున్నచో ఎవరును ఏమియు అనరు. సీసాలు లేవు, ప్రాణములు పోయినవి, అంతియే. నింద లేని ఆ రెండవ త్రోవను ఆయన పట్టలేదు.

కలకత్తాలోని పరిశోధన కేంద్రపు పుస్తకశాల గదిలో బల్లలమీద పొడులు తూచుట మొదలిడిరి. లీటరు నీటికి గ్లూకోజు 22 గ్రాములు, మనము కూరలో వేయు ఉప్పు 3.5 గ్రాములు, తినుసోడా 2.5 గ్రాములు. అంతకన్న ఏమియు లేదు. ఇవి దొరకుట సులభమని, ఖర్చు తక్కువయని ఏర్పరచుకొనిరి. పలుచని ప్లాస్టిక్ సంచులలో పోసి, కాలిన ఇస్త్రీపెట్టెతో మూతులంటించి బన్‌గావ్‌కు పంపిరి. లీటరుకు అయిన ఖర్చు 11 పైసలు. అచట పెద్ద పీపాలలో నీరు నింపి పొడి కలిపి, అడుగున కొళాయి అమర్చిరి. ఎవరైనను గ్లాసు పట్టి పట్టుకొని పోవచ్చును. దానికి "నోటి సెలైను" అని పేరు పెట్టుటలో ఒక లోకజ్ఞత కలదు. సెలైను ప్రాణము పోయునని జనము కన్నులార చూచియుండిరి. వట్టి ఉప్పునీరన్నచో ముఖము త్రిప్పుకొనెడివారు.

త్రాగించినదెవరు? మేము ఈ పుటలో చెప్పదలచిన సంగతి ఇదియే. నర్సులు లేరు గనుక త్రాగించినవారు తల్లులు, అక్కలు, అమ్మమ్మలు, తండ్రులు. ఇల్లును ఊరును పోగొట్టుకొని, కట్టుబట్టలతో వచ్చి, ఆ నేలమీద బిడ్డ తల ఒడిలో పెట్టుకొని కూర్చున్నవారు. దాహమున్నంతసేపు త్రాగించుడు, వాంతియైనను ఆపకుడు, మరల కొంచెము కొంచెముగ త్రాగించుడు అని వారికి చెప్పిరి. సొమ్మసిల్లి త్రాగలేని వారికి మాత్రము, ఉన్న సెలైను వాడి, తేరుకొనగనే గ్లాసు చేతికిచ్చిరి. ఎనిమిది వారములలో ఇట్లు సుమారు 3,700 మందికి చికిత్స జరిగెను. అంతకుముందు ఆ శిబిరములలో కలరా వచ్చిన నూర్గురిలో ముప్పదిమంది పోవుచుండగా, మహలనబిస్ గారి చేతిక్రింద పోయినవారు నూటికి నలుగురికన్న తక్కువ, లెక్కకు 3.6 వంతు.

చదువు లేదు, గడియారము లేదు, కొలపాత్ర లేదు. తల్లి మాత్రము ఉన్నది. ఆమె చాలునని ఆ లెక్క తేల్చినది.

పండితులు వెంటనే ఒప్పుకొనిరని సోదరీమణులు అనుకొనవలదు. సూది లేని చికిత్స చికిత్సయే కాదన్న భావము అప్పుడును బలముగా నుండెను. నేడు మన వీధి చివరనున్న వైద్యశాలలోను అది చావలేదు. ఆయన వ్రాసిన విన్నపము 1973లో జాన్స్ హాప్‌కిన్స్ వైద్యపత్రికలో వెలువడెను. శిబిరమును కన్నులార చూచి నమ్మినవారిలో ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన డాక్టరు ధీమాన్ బారువా గారొకరు. ఆ సంస్థను ఒప్పించుటలో ఆయన పాత్ర గొప్పది. 1978లో ఆ సంస్థ అతిసార నివారణకు ప్రత్యేక కార్యక్రమము నారంభించెను. అదే సంవత్సరము లాన్సెట్ పత్రిక, ఈ శతాబ్దపు వైద్యశాస్త్ర ప్రగతిలో ఇదియే అన్నిటికన్న ముఖ్యమైనది కాగలదని వ్రాసెను. చటర్జీ గారి వ్యాసమును ప్రకటించి మరచిన పత్రికయే ఇరువదియైదేండ్లకు ఈ మాట వ్రాసినది. మహలనబిస్ గారు ఆ సంస్థ పక్షమున అఫ్గానిస్తానము, ఈజిప్టు, యెమెన్ దేశములలో కలరా నివారణకు పనిచేసిరి. 1990ల ఆరంభమున ఢాకాలోని అంతర్జాతీయ అతిసార పరిశోధన కేంద్రమున చికిత్సా పరిశోధనలకు అధిపతిగా నుండిరి. అట్లు తాను పుట్టిన గడ్డకే మరల చేరిరి. పురస్కారముల సంగతి వేగముగ చెప్పెదము: 2002లో అమెరికాలో శిశువైద్య పరిశోధనకిచ్చు పోలిన్ బహుమానము, 2006లో థాయిలాండు దేశపు ప్రిన్స్ మహిడోల్ బహుమానము, రెండును సహపరిశోధకులతో కలిసి.

ఢాకా పేరు వచ్చినది గనుక, ఈ కథలో స్త్రీల పాత్రను గూర్చి మరియొక సంగతి చెప్పక మానలేము. బంగ్లాదేశమున ఫజ్లే హసన్ ఆబెద్ గారు స్థాపించిన బ్రాక్ అను సేవాసంస్థ 1980 మొదలు పదేండ్లు ఊరూరికి స్త్రీ కార్యకర్తలను పంపి, ఒక కోటి ఇరువది లక్షల ఇండ్లలో తల్లులకు ఈ నీటిని ఇంటనే కలుపుట నేర్పెను. గ్లూకోజు పల్లెలలో ఎక్కడిది? మూడువ్రేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లము, అరసేరు నీరు. వ్రేళ్లే త్రాసు. ఈ పని ఎంత జాగ్రత్తగా చేసిరో చూడుడు. నేర్పిన కార్యకర్తకు జీతము ఇండ్ల లెక్కనుబట్టి కాక, కొన్ని వారముల తరువాత వేరొకరు పోయి ప్రశ్నించినప్పుడు ఆ తల్లికి ఎంత జ్ఞాపకమున్నదో దానినిబట్టి ఇచ్చిరి. తల్లులు కలిపిన నీటిని పరీక్షశాలకు పంపి ఉప్పు పాలు చూచిరి.

ఇంత చేసినను మొదట తల్లులు నేర్చుకొనిరే గాని బిడ్డకు జబ్బు చేసినప్పుడు వాడలేదట. ఏలయని విచారింపగా, నేర్పు కార్యకర్తలకే లోలోపల నమ్మకము లేదని తేలెను; తమ కడుపు నొచ్చినప్పుడు వారు మాత్రలు మ్రింగుచుండిరి. వారిని ఢాకాలోని పరిశోధన కేంద్రమునకు తీసికొనిపోయి, ఈ నీరు పనిచేయు విధమును వివరించి చెప్పించిరి. ఆ పిమ్మట వారు తల్లుల యెదుట తామే ముందుగా గ్రుక్కెడు త్రాగి చూపిరి. రెండవ కారణము మగవారు. తమకు చెప్పకుండ ఆడువారికి చెప్పిన మందును వారు ఇంటికి రానీయలేదు. అప్పుడు సంతలలోను మసీదులలోను వారికిని చెప్పవలసి వచ్చినది. మా అనుభవమున ఈ సంగతి బంగ్లాదేశమునకే చెందినది కాదు.

ఇక మన యింటికి వత్తము. నేటికిని ప్రపంచమున ఏటేట అయిదేండ్లలోపు పిల్లలు నాలుగు లక్షలకు పైగా అతిసారముచేత మరణించుచున్నారు. మన దేశమున 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో, విరేచనములైన పిల్లలలో నూటికి 60.6 మందికే ఓ.ఆర్.ఎస్. అందినట్లు తేలెను. తక్కినవారి మాట యేమి? పొట్లము ఆశా కార్యకర్త చేతిలో ఉచితముగ దొరకును, మందులకొట్టులో కొలది రూపాయలకు దొరకును. మరి అందలేదేల?

దీనిని గూర్చి 2024లో సైన్స్ అను ప్రఖ్యాత పత్రికలో వచ్చిన పరిశోధన యొకటి మమ్ము ఆశ్చర్యపరచినది. కర్ణాటక, బీహారు రాష్ట్రములందు 253 పట్టణములలో రెండువేలకు పైగా వైద్యము చేయువారి యొద్దకు శిక్షణ పొందిన మనుష్యులను పంపి, ఇంట రెండేండ్ల బిడ్డకు విరేచనములని చెప్పించిరి. చాలమంది వైద్యులకు ఓ.ఆర్.ఎస్. మంచిదని తెలియును; ఐనను వ్రాయలేదు. ముఖ్యకారణము మందు లేకపోవుట కాదు, లాభాపేక్షయు కాదు. అడిగివచ్చినవారికి అది ఇష్టముండదని, చవుక మందు వ్రాసినచో చిన్నచూపు చూతురని వారు అనుకొనుటయే. తమకు ఓ.ఆర్.ఎస్. కావలెనని వచ్చినవారు తెలిపినప్పుడు, దానిని వ్రాసిన వైద్యులు నూటికి 27 మంది చొప్పున అధికమైరి. కావున సోదరీమణులారా, నోరు విప్పి పేరు పెట్టి అడుగుడు. అడిగిన తల్లికి దొరకుచున్నది.

పేరు పెట్టి అడుగుటలోను ఒక చిక్కు వచ్చినది. పండ్లరసముల వరుసలో, అందమైన పెట్టెలలో, ఓ.ఆర్.ఎస్. అను అక్షరములు పేరులో చేర్చుకొన్న తీపి పానీయములు చాలకాలము అమ్ముడుపోయినవి. వానిలో చక్కెర అసలు మందుకన్న అనేక రెట్లు. అధికమైన చక్కెర ప్రేగులలోనికి నీటిని లాగి విరేచనములను హెచ్చించును. హైదరాబాదు శిశువైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏండ్ల తరబడి దీనిపై పోరాడిరి. 2025 అక్టోబరు మాసమున దేశపు ఆహారభద్రతా సంస్థ, అట్టి పానీయములపై ఆ పేరు వాడరాదని ఆజ్ఞాపించెను. ఐనను కొనునప్పుడు పొట్లముమీది లెక్క చదువుడు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2002లో సవరించిన పాళ్లు లీటరు నీటికి ఇవి: సోడియం క్లోరైడు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు. బన్‌గావ్ పాళ్లకన్న ఉప్పును చక్కెరయు తగ్గించిరి. విరేచనములును వాంతులును ఇందువలన తగ్గునని పరీక్షలలో తేలినది.

ఉత్తరము వ్రాసిన సోదరి అడిగిన నాలుగు మాటలు ఇప్పుడు చెప్పెదము. లీటరు పొట్లమును లీటరు నీటిలోనే కలుపవలెను. సగము పొట్లము, సగము నీరు అను లెక్క వలదు. నీరు కాచి చల్లార్చినదైన మేలు. కలిపినది ఒకదినము దాటినచో పారబోయవలెను. రెండేండ్లలోపు బిడ్డకు విరేచనమైన ప్రతిసారియు 50 మొదలు 100 మిల్లీలీటర్లు, అంతకు పెద్దవారికి 100 మొదలు 200 వరకు, చెంచాతోగాని గ్లాసుతో గ్రుక్కగ్రుక్కగాగాని పట్టవలెను. వాంతియైనచో పది నిమిషములు ఆగి మరల మెల్లగా మొదలిడవలెను. చనుబాలు ఏమాత్రమును మాన్పరాదు. అన్నము తిను బిడ్డకు అన్నము పెట్టవలెను. వైద్యుని యడిగి జింకు మందు రెండువారములు ఇయ్యవలెను. విరేచనములు కట్టినను మధ్యలో ఆపరాదు. పొట్లము చేత లేని రాత్రివేళ లీటరు నీటిలో తలగొట్టిన చిన్నచెంచాతో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపవచ్చును. ఉప్పు మాత్రము ఒక్క పలుకైనను హెచ్చరాదు. మన ఉప్పువేసిన గంజియు మంచిదే. బిడ్డ మత్తుగా పడియున్నను, త్రాగలేకున్నను, కన్నులు లోతుకు పోయినను, పొట్టమీది చర్మము పట్టి విడిచినప్పుడు మెల్లగా సర్దుకొనుచున్నను, విరేచనములో రక్తము కనబడినను ఇంట కూర్చుండక ఆసుపత్రికి పోవలెను. త్రోవలోను త్రాగించుచుండవలెను. మరియు పండ్లు వచ్చుటవలన విరేచనములు కావు. ఆ వయసున బిడ్డ దొరికినదెల్ల నోటబెట్టుకొనును, అదియే కారణము.

మహలనబిస్ గారు 2022 అక్టోబరు 16వ తేదీన కలకత్తాలో తమ 87 యేండ్ల వయసున పరమపదించిరి. తాము వైద్యవృత్తి మొదలిడిన కలకత్తా శిశు ఆసుపత్రికి అంతకుముందే కోటి రూపాయలు దానమిచ్చియుండిరి. ఆ ఉప్పుచక్కెర నీటిపై హక్కుపత్రము తీసికొనలేదు. 2023 జనవరిలో మన ప్రభుత్వము ఆయనకు మరణానంతరము పద్మవిభూషణ బిరుదమిచ్చినప్పుడు, ఈ చికిత్సవలన ప్రపంచమున అయిదు కోట్లకు పైగా ప్రాణములు నిలిచినట్లు పేర్కొనెను.

ఈ వ్యాసము ముగించుటకు ముందు మేము లేచి మా యింటి మందులపెట్టె తెరచి చూచితిమి. పొట్లములు రెండున్నవి. ఒకదాని గడువు పోయిన సంవత్సరమే తీరినది. దానిని పారవేసి, మరి రెండు తెప్పించుటకు కుఱ్ఱవానిని కొట్టునకు పంపితిమి.